ఎమ్‌సీబీ ఉంది కదా, ఇంకేం భయం?

మొన్న వానల్లో ఒకమ్మాయి ఫోన్ చేసింది. చిక్కడపల్లి వైపు పాత ఇంట్లో మేడమీది పోర్షన్ అద్దెకు తీసుకున్నారు. వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే జివ్వుమంటోందట. ఓనర్‌కి చెబితే, "కొత్త ఎమ్‌సీబీలు వేయించానమ్మా, షాక్ కొట్టే సమస్యే లేదు. చెప్పులేసుకుని వాడుకో" అన్నారట. (ఎమ్‌సీబీ అంటే, కరెంటు మితిమీరితే దానంతటదే 'పడి', అంటే ఆగిపోయి, లైను కట్ చేసే స్విచ్చు.) "నిజంగానే ఏం కాదా అన్నా? ఇంట్లో పాకే పిల్లాడున్నాడు" అని అడిగింది. ఇరవై రెండేళ్లుగా కరెంటు పని చేస్తున్నాను. ఓనర్లు చెప్పే ఈ మాట వినని నెల లేదు.

అపోహ: ఎమ్‌సీబీ ఉంటే షాక్ కొట్టదు.

వాస్తవం: ఎమ్‌సీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ పడాలంటే దాని గుండా 16కి మించి కరెంటు పోవాలి. తడి చేత్తో ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి పోయేది ఒక ఆంపియర్‌లో ఐదో వంతు, అటూ ఇటూగా. 40 వాట్ల బల్బు తీసుకునేది కూడా దాదాపు అంతే. కాబట్టి మనిషి కొట్టుకుంటుంటే ఎమ్‌సీబీ ఎవరో బల్బు వేసుకున్నారనుకుని ఊరుకుంటుంది. గుండె లయ తప్పడానికి అందులో నాలుగో వంతు చాలు.

మనిషి కోసం ఉన్నది ఆర్‌సీసీబీ అనే ఇంకో స్విచ్చు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అని అది లెక్క చూసుకుంటుంది. లెక్కలో 30 మిల్లీ ఆంపియర్లు తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. సెకనులో మూడో వంతు కూడా పట్టదు, పడిపోతుంది. కొనేటప్పుడు 30 అని రాసి ఉందో లేదో చూడండి. 300 అని ఉన్నది మంటల భయానికి వేసేది, షాక్ నుంచి కాపాడదు. రెండూ ఎమ్‌సీబీ లాగే కనిపిస్తాయి కాబట్టి జనం పొరబడతారు. ఆర్‌సీసీబీ మీద 'టీ' అక్షరంతో చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. అదే గుర్తు. నెలకోసారి నొక్కండి. పడితే బాగున్నట్టు, పడకపోతే మార్చాలి. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు పంపులో నీళ్లొస్తున్నాయా అని ఎలాగూ తిప్పి చూస్తారు. అదే చేత్తో డీబీ డబ్బా (ఈ స్విచ్చులన్నీ ఉండే పెట్టె) మూత తీసి ఈ బటన్ ఉందో లేదో చూడండి.

"పాత ఇంట్లో ఎర్తింగ్ లేదు, ఆర్‌సీసీబీ వేసినా దండగ" అని మా పనివాళ్లే కొందరు చెబుతుంటారు. ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆర్‌సీసీబీ పనిచేయడానికి ఎర్త్, అంటే లీకైన కరెంటును భూమిలోకి దించే వైరు, అక్కర్లేదు. ఎర్త్ ఉంటే, గీజర్‌లో లీకేజీ మొదలవగానే ఎవరూ ముట్టుకోకముందే పడుతుంది. ఎర్త్ లేకపోతే ఎవరో ముట్టుకున్నాక పడుతుంది. అప్పుడు ఒక ఝలక్ తప్పదు, కానీ ప్రాణం దక్కుతుంది. రెండూ ఉండాలి, నిజమే. ఎర్తింగ్ పనికి ఓనర్ దసరా దాకా ఆగమంటే ఆర్‌సీసీబీ మాత్రం ఆగక్కర్లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఫేజ్ ఒక చేత్తో, న్యూట్రల్ ఒక చేత్తో పట్టుకుంటే అదీ ఏం చేయలేదు. దాని లెక్క సరిపోయినట్టే ఉంటుంది మరి.

సరే, ఆ ఇంటికి వెళ్లాను. చెక్క బద్దీల మీద అల్యూమినియం వైర్లు, కిట్‌క్యాట్ ఫ్యూజులు పీకేసి ఆ చోట ఎమ్‌సీబీలు. మెషీన్ సాకెట్ విప్పితే మూడో పిన్నుకి, అంటే ఎర్త్ పిన్నుకి, వైరు ఉంది. తీరా చూస్తే అది పక్కనున్న న్యూట్రల్ నుంచే కొట్టిన లూపు.

ఆ లూపు చూస్తే నాకు సిగ్గేస్తుంది. మా బాబాయి దగ్గర పని నేర్చుకునే రోజుల్లో నేనూ కొట్టాను. "ఎర్త్ వైరు పైకి రాలేదురా, న్యూట్రల్ నుంచి కొట్టేయ్" అనేవాడు. టెస్ట్ ల్యాంపు పెడితే వెలిగేది, ఇంటాయన సంతోషించేవాడు, మేం డబ్బులు తీసుకుని వచ్చేసేవాళ్లం. ఎక్కడైనా న్యూట్రల్ జాయింటు ఊడితే 230 వోల్టులూ మెషీన్ బాడీ మీదకే వస్తాయని చాలా ఏళ్లకు గానీ బుర్రకెక్కలేదు. ఎర్త్ లేకపోవడం కంటే ఇది ఘోరం. ఎన్ని బోర్డుల్లో అలా కొట్టానో లెక్క లేదు. ఎవరి ఇళ్లో కూడా ఇప్పుడు గుర్తు లేదు.

ఇక్కడ న్యూట్రల్ ఇంకా పూర్తిగా ఊడలేదు. మెట్ల దగ్గర జాయింటు వదులై, టేపు ఎండిపోయి అప్పడంలా విరుగుతోంది. ఆ జివ్వుమనడం అక్కడిదే. జాయింటు సరిచేసి లూపు కోసేశాను. అదృష్టం, కింద మీటర్ దగ్గర మంచి ఎర్త్ ఉంది, మేడమీదకే లాగలేదు. గోడ బయట పైపులో ఆకుపచ్చ వైరు పైకి లాగేసరికి పూట గడిచింది. ఆర్‌సీసీబీ బిగించి గీజర్ వేశామో లేదో, టక్కున పడింది.

"చూశావా, ఊరికే పడిపోతోంది. పీకెయ్" అన్నారు ఓనర్. ఊరికే పడదండీ! గీజర్ కాయిల్ పగిలి నీళ్లలోకి కరెంటు దిగుతోంది. పాత ఇళ్లలో రెండు లైన్ల న్యూట్రల్స్ కలిసిపోయినా పడుతుంది. ఏదో ఒకటి వెతకాలి తప్ప పీకకూడదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: ఎమ్‌సీబీ మాటిమాటికీ పడుతుంటే పెద్దది వేస్తే సరి. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకి 32 ఆంపియర్లది వేస్తే, ఇక కాలేది గోడలో వైరే. 2000 వాట్ల గీజరే 8.7 ఆంపియర్లు లాగుతుంది. దానికి తోడు అదే లైను మీద ఐరన్‌బాక్సు. పాపం ఎమ్‌సీబీ చేసిన తప్పేముంది?

అపోహ: టెస్టర్ వెలగలేదు కాబట్టి కరెంటు లేదు. పది రూపాయల టెస్టర్ మీద ప్రాణం పెట్టకండి. మెయిన్ ఆపండి.

అపోహ: చెప్పులేసుకుంటే చాలు. పిల్లలు చెప్పులేసుకుని పాకరు.

అపోహ: అద్దె ఇల్లు, మనం అడగలేం. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం వైరింగ్‌ని ఓనర్ బాధ్యతల్లో, స్విచ్చులు, సాకెట్ల రిపేర్లను అద్దెకున్నవాళ్ల బాధ్యతల్లో రాసింది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలు. అందుకే అగ్రిమెంటులోనే ఒక లైను రాయించుకోండి. కాలిన సాకెట్లు, టేపు జాయింట్లు ఫోటోలు తీసి వాట్సాప్‌లో ఓనర్‌కి పంపండి. నోటిమాటకి 'చూద్దాంలే' అనేవాళ్లు ఫోటోకి ఫోన్ చేస్తారు. స్తంభం దగ్గర, సర్వీస్ వైరు దగ్గర నిప్పురవ్వలు వస్తుంటే కరెంటు డిపార్ట్‌మెంట్ నంబరు 1912కి చెప్పండి. మీటరు దాటాక డిపార్ట్‌మెంట్ వాళ్లు రారు.

ఆ ఇంట్లో ఎర్త్ వైరు ఖర్చు ఓనర్ పెట్టుకున్నారు. ఆర్‌సీసీబీ దగ్గర మాత్రం బిగుసుకున్నారు. రెండు వేలు అటూ ఇటూ, ఆ అమ్మాయే కొంది. "ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని పోవచ్చా అన్నా?" అంది. నిక్షేపంగా అన్నాను. విప్పేటప్పుడు మాత్రం నన్నే పిలవమని, టేపు ముక్క మీద 'ఇది అద్దెవాళ్లది' అని పెన్నుతో రాసి దాని పక్కనే అతికించి వచ్చాను.