భీమిలి నల్ల ఇసుక, అయస్కాంతం: అపోహలు - వాస్తవాలు

బీచ్ ఇసుకలోని ఖనిజాలను అయస్కాంతంతో వేరు చేయడం నా వృత్తి. భీమిలి తీరంలో పిల్లలు నల్ల ఇసుక మీద అయస్కాంతం తిప్పుతుంటే చూడ్డం నాకు భలే ఇష్టం. పక్కనున్న పెద్దవాళ్లు చెప్పే కారణాల్లోనే తేడా వస్తుంటుంది.

అపోహ: అయస్కాంతం బలమైనదైతే చాలు, లాగేస్తుంది.

వాస్తవం: బలం ఒక్కటే చాలదు. అది చోటు మారేకొద్దీ మారుతూ ఉండాలి. అయస్కాంతాన్ని పల్చటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి నల్ల ఇసుకలో ముంచి తీయండి (కవర్ లేకపోతే ఆ రేణువులు ఓ పట్టాన వదలవు). అంచుల్లో, మూలల్లో రేణువులు ముళ్లలా నిక్కబొడుచుకుని గుత్తులు కడతాయి. నడిమధ్యన పల్చగా ఉంటాయి. అంచు దగ్గర అయస్కాంత క్షేత్రం (అయస్కాంతం చుట్టూ ఉండే దాని ప్రభావం) చప్పున మారిపోవడమే దీనికి కారణం.

లోపల జరిగేది ఇదీ. అయస్కాంతం ఉత్తర ధ్రువం దగ్గరికి రాగానే మాగ్నెటైట్ (నల్ల ఇసుకలో అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం) రేణువు తానే ఓ బుల్లి అయస్కాంతమైపోతుంది. దాని దగ్గరి కొన దక్షిణ ధ్రువం, అవతలి కొన ఉత్తర ధ్రువం. దగ్గరి కొన మీద లాగుడు ఎక్కువ, అవతలి కొన మీద నెట్టుడు తక్కువ. ఆ తేడానే మనం ఆకర్షణ అంటున్నాం. క్షేత్రం అంతటా ఒకేలా ఉంటే లాగుడూ నెట్టుడూ సరికి సరి. రేణువు తిరుగుతుందేమో గానీ జరగదు. దిక్సూచి ముల్లు ఉత్తరం వైపు తిరిగి ఊరుకోవడం, అటుగా జరిగిపోకపోవడం ఇందుకే. మా సెపరేటర్లలో (ఖనిజాలను వేరు చేసే యంత్రాల్లో) కొన్ని రోలర్లకు సన్నటి గాళ్లు తీసి ఉండేది కూడా క్షేత్రంలో ఈ తేడా పెంచడానికే.

అపోహ: అంటుకోని ఇసుకలో ఇనుము లేనట్టే.

వాస్తవం: ఇసుకలోని ఇల్మనైట్ అనే ఖనిజం కూడా నల్లగానే ఉంటుంది, అందులోనూ ఇనుముంది. కానీ దాని స్పందన చాలా బలహీనం, చేతిలోని మామూలు అయస్కాంతానికి లొంగదు. దానికీ, గార్నెట్ అనే మరో ఖనిజానికీ టెస్లా (క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం) స్థాయి క్షేత్రం కావాలి. జిర్కాన్, రూటైల్ ఖనిజాలు అప్పటికీ అంటుకోకుండా పక్కకే పోతాయి.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతే అసలు స్టీలు కాదు.

వాస్తవం: వంటింటి గిన్నెల్లో వాడే 304 రకం దాదాపుగా అంటుకోదు, 430 రకం అంటుకుంటుంది. రెండూ స్టెయిన్‌లెస్ స్టీలే.

అపోహ: వేడికీ ఆకర్షణకీ సంబంధం లేదు.

వాస్తవం: ఇనుము 770 డిగ్రీల సెల్సియస్ దాటితే అయస్కాంతం దాన్ని పట్టుకోలేదు. చల్లారితే మళ్లీ పట్టుకుంటుంది. శాశ్వత అయస్కాంతాలకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. మామూలు రకం నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే కోల్పోయిన బలం చల్లారినా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఇసుక వదలట్లేదని దాన్ని మరిగే నీళ్లలో మాత్రం వేయకండి.