పసుపు పుస్తకం నుంచి క్యూఆర్ కోడ్ దాకా

కొవిడ్ నడుస్తున్న 2021లో శంషాబాద్ విమానాశ్రయం చెకిన్ కౌంటర్ దగ్గర ఆగిపోయినవాళ్లలో చాలామందికి జ్వరం లేదు, దగ్గు లేదు. అడ్డం వచ్చింది ఇంటిపేరు. బొడ్డుపల్లి వెంకటేశ్ అనే మనిషి ఉన్నాడనుకుందాం. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఇంకో గడిలో పూర్తిగా ఉంటాయి. టీకా సర్టిఫికెట్ మీద ఆధార్‌లో ఉన్నట్టు ‘బి. వెంకటేశ్’ అని పడుతుంది. ఆర్టీపీసీఆర్ రిపోర్టు మీద ల్యాబు కుర్రాడు చెవిన పడ్డట్టు కొట్టిన స్పెల్లింగు ఉంటుంది. మనిషి ఒక్కడే, కాగితాల్లో మాత్రం ముగ్గురు. కౌంటర్లో కూర్చున్నవాళ్లకు మన ఇంటిపేర్ల సంగతి తెలియక కాదు. అవతలి దేశం ప్రయాణికుణ్ని వెనక్కి పంపితే తిరుగు ప్రయాణం ఖర్చు, చాలా దేశాల్లో జరిమానా కూడా విమాన సంస్థ నెత్తినే పడతాయి. అందుకే అక్కడ బతిమాలితే పని కాదు.

ఈ కాగితాల తంతు కొవిడ్‌తో పుట్టింది కాదు. 1865లో హజ్‌కు వెళ్లినవాళ్లలో కలరా పాకి యూరప్ దాకా చేరింది. మరుసటి ఏడు ఇస్తాంబుల్‌లో దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకున్నది దాని గురించే. ఆ తర్వాత ఇండియా నుంచి వెళ్లే హజ్ ఓడలు జిద్దా చేరకముందే ఎర్రసముద్రంలోని కమరాన్ దీవిలో ఆగాల్సి వచ్చేది. అక్కడ మనుషులను దించి, సామాన్లకు ఆవిరి పట్టి, రోజులు లెక్కపెట్టి పంపేవారు. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలయ్యాక 1897లో ఎపిడమిక్ డిసీజెస్ చట్టం వచ్చింది. ఆ ఏడు బొంబాయి నుంచి హజ్ యాత్రనే ఆపేశారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ సమయంలో రాష్ట్రాలు వాడింది కూడా ఆ పాత చట్టాన్నే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1951లో అంతర్జాతీయ శానిటరీ నిబంధనలు తెచ్చింది. 1969లో వాటి పేరు అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలుగా మారింది. ఆ రోజుల్లో పాస్‌పోర్టుతో పాటు పసుపు రంగు టీకా పుస్తకం కూడా జేబులో ఉండాల్సిందే. మశూచి టీకా మూడేళ్లకోసారి వేయించుకుని ముద్ర కొట్టించుకోవాలి. కలరా సర్టిఫికెట్ నిబంధనను 1973లో తీసేశారు. మశూచి పోయిందని 1980లో ప్రకటించాక ఆ ముద్రా పోయింది. ఎల్లో ఫీవర్ ఒక్కటి మిగిలింది. ఇప్పటికీ ఆఫ్రికాకు పనికో వ్యాపారానికో వెళ్లేవాళ్లు హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఆ సూది వేయించుకుంటారు. సూది వేసిన పదో రోజు నుంచే ఆ కార్డు చెల్లుతుంది. టికెట్ ఎల్లుండికి పెట్టుకుని ఇవాళ వెళ్తే లాభం లేదు. ఒక సీసా మందు చాలామందికి సరిపోతుంది, కలిపాక కొన్ని గంటల్లో వాడేయాలి. అందుకే ఏ రోజు వేస్తారో ముందే కనుక్కుని వెళ్లాలి. 2016 జూలై దాకా ఈ కార్డు పదేళ్లే చెల్లేది, ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది. కార్డు మీద పాత గడువు తేదీ కనిపించినా మళ్లీ సూది అక్కర్లేదు. హజ్‌కు వెళ్లేవాళ్లకు మెనింజైటిస్ టీకా కూడా ఇలాంటిదే, కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి.

మన ప్రయాణికులకు తలుపులు మూసుకోవడం కూడా కొత్త కాదు. 1994లో సూరత్‌లో ప్లేగు అనగానే గల్ఫ్ దేశాలు ఇండియా విమానాలను ఆపేశాయి. 2009 మేలో దేశంలో తొలి స్వైన్‌ఫ్లూ కేసు బయటపడింది మన శంషాబాద్‌లో దిగిన అమెరికా ప్రయాణికుడిలోనే. థర్మల్ స్కానర్లు, ఆరోగ్య వివరాల ఫారాలు అప్పుడే చూశాం, రెండేళ్లు తిరక్కుండానే మరిచిపోయాం.

కొవిడ్‌లో తేడా ఎక్కడొచ్చిందంటే, ఒక్క టీకా కార్డుతో పోలేదు. టీకా, ముక్కు పరీక్ష, ఆన్‌లైన్ అనుమతి, వీసా, అన్నీ ఒకేసారి చెల్లుతూ ఉండాలి. ఒక్కోదాని గడువు ఒక్కో లెక్క. 2020 మార్చి 23 నుంచి అంతర్జాతీయ విమానాలు ఆగాయి. బయట చిక్కుకున్నవాళ్లను తెచ్చే వందే భారత్ విమానాలు మే 7న మొదలయ్యాయి, జూలై నుంచి రెండేసి దేశాలు తమ మధ్య మాత్రం విమానాలు నడుపుకునే ఎయిర్ బబుల్ ఒప్పందాలు వచ్చాయి. మామూలు విమానాలు మళ్లీ తిరిగింది 2022 మార్చి 27నే. ఆ రెండేళ్లలో నిబంధనలు ఎన్నిసార్లు మారాయో ట్రావెల్ ఏజెంట్లకు కూడా పూర్తిగా గుర్తుండదు.

గల్ఫ్ అంటే జనానికి కరీంనగర్, నిజామాబాద్ గుర్తొస్తాయి. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ వలస ఎక్కువగా బొంబాయి, పుణె వైపు. నల్గొండ, సూర్యాపేట, మిర్యాలగూడ నుంచి అమెరికా చదువులకు వెళ్లేవాళ్లు ఎక్కువ. అయినా పాలమూరు, నల్గొండ ఉమ్మడి జిల్లాలు రెండింటి నుంచీ దుబాయ్, సౌదీ, కువైట్ పోయినవాళ్లు ఊరూరా ఉన్నారు. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కోవలోకి వస్తుంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం వాళ్లు 18 దేశాల్లో పనికి పోవాలంటే ముందు అనుమతి తీసుకోవాలి, ప్రవాసీ భారతీయ బీమా కట్టాలి. పైగా గల్ఫ్ మెడికల్ అనే ఆరోగ్య పరీక్ష ఉంటుంది, ఛాతీ ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ కనబడినా ‘అన్‌ఫిట్’ అనేస్తారు. ఈ మెడికల్ గడువు నెలల్లోనే అయిపోతుంది. లాక్‌డౌన్‌లో అది దాటిపోయి రెండోసారి డబ్బు కట్టినవాళ్లు చాలామంది.

2021 ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర రెండో వేవ్ ముదిరింది. ఏప్రిల్ ఆఖరులో యూఏఈ, కెనడా తలుపులు మూశాయి. సౌదీ ఫిబ్రవరిలోనే మూసింది. మే 4 నుంచి అమెరికా కూడా ఆపింది, కానీ ఆగస్టు 1న గానీ ఆ తర్వాత గానీ క్లాసులు మొదలయ్యే విద్యార్థులకు మినహాయింపు ఇచ్చింది. క్లాసుల తేదీకి 30 రోజుల కంటే ముందు మాత్రం దిగకూడదు. అమెరికా కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రంలో ఉన్న తేదీని బట్టే టికెట్ తేదీ పెట్టుకోవాల్సి వచ్చింది.

అసలు చిక్కు టీకా దగ్గర మొదలైంది. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువు మొదట 4 నుంచి 6 వారాలు. మార్చిలో దాన్ని 8 వారాల దాకా పెంచారు. మే 13న 12 నుంచి 16 వారాలకు పెంచారు. జూన్‌లో మొదటి డోసు వేయించుకున్న విద్యార్థికి రెండోది సెప్టెంబర్‌లో వస్తుంది, క్లాసులేమో ఆగస్టులో. అందుకని జూన్ 7న కేంద్రం వేరే పద్ధతి పెట్టింది. చదువుకో, ఉద్యోగానికో, టోక్యో ఒలింపిక్స్‌కో వెళ్లేవాళ్లకు 28 రోజుల తర్వాత రెండో డోసు వేయవచ్చు. జిల్లాలో దీనికోసం నియమించిన అధికారి అడ్మిషన్ లెటరో ఆఫర్ లెటరో చూసి ఒప్పుకోవాలి. సర్టిఫికెట్ మీద పాస్‌పోర్టు నంబర్ పడాలి. మొదటి డోసుకు ఆధార్ ఇచ్చినవాళ్లకు ఆధారే పడుతుంది, దాన్ని పాస్‌పోర్టుతో జత చేసుకోవాలి. కోవిషీల్డ్‌కు ఈ వెసులుబాటు దొరికింది. మన జీనోమ్ వ్యాలీలో తయారైన కొవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం 2021 నవంబర్ 3న గానీ రాలేదు. సౌదీ జాబితాలో కూడా మొదట అది లేదు. పీహెచ్‌సీలో ఆ రోజు ఏ సీసా తెరిచారన్నదాన్ని బట్టి ప్రయాణం తేలిపోయిన రోజులవి. రెండు డోసులు పడ్డవాళ్లకు మరో రకం టీకా మళ్లీ వేయడానికి టీకాలు నమోదు చేసే కోవిన్ పోర్టల్‌లో దారే లేదు.

కోవిన్‌లో ఎక్కువమందికి జరిగిన పొరపాటు ఇంకొకటి ఉంది. మొదటి డోసు కొడుకు ఫోన్ నంబర్ మీద, రెండోది ఊళ్లో క్యాంపు పెట్టినప్పుడు ఆశా కార్యకర్త అడిగితే అల్లుడి నంబర్ మీద. రెండో నంబర్ కింద ఆ మనిషి కొత్తవాడు కాబట్టి పోర్టల్ దాన్ని మళ్లీ మొదటి డోసుగానే రాసుకుంది. చేతిలో రెండు సర్టిఫికెట్లు, రెండూ ‘మొదటి డోసు’. విమానాశ్రయంలో వాటిని చూపిస్తే పాక్షిక టీకా కిందే లెక్క. తర్వాత పోర్టల్‌లో ఫిర్యాదులు పెట్టే ‘రైజ్ యాన్ ఇష్యూ’లో రెండింటినీ కలిపే సదుపాయం ఇచ్చారు. పేరు దిద్దుకునే అవకాశం మాత్రం ఒక్కసారే. తొందరపడి ఆధార్ స్పెల్లింగే మళ్లీ కొట్టినవాళ్లకు రెండో అవకాశం లేదు. పాస్‌పోర్టు చివరి పేజీ కాదు, ఫొటో ఉన్న పేజీ అడుగున ఉండే రెండు వరుసల అక్షరాలు చూసి కొట్టాలి. యంత్రం చదివేది వాటినే.

బ్రిటన్ చేసిన పేచీ విచిత్రంగా నడిచింది. 2021 సెప్టెంబర్‌లో కోవిషీల్డ్‌ను ఒప్పుకుంటూనే మన సర్టిఫికెట్‌ను ఒప్పుకోలేదు. దానిమీద పుట్టిన తేదీ పూర్తిగా లేకపోవడం ఒక అభ్యంతరం. కోవిన్‌లో పూర్తి తేదీ వచ్చేలా మార్చారు, మన ప్రభుత్వం అక్టోబర్ 4 నుంచి బ్రిటన్ వాళ్లకూ క్వారంటైన్ పెట్టింది, అక్టోబర్ 11న వాళ్లు దిగొచ్చారు. మన పల్లెల్లో చాలామందికి జూన్ 1, జనవరి 1 పుట్టిన తేదీలుగా ఉండటం వేరే సంగతి.

ఇక ముక్కు పరీక్ష. గడువును గంటల్లో లెక్కపెట్టే దేశం వేరు, రోజుల్లో లెక్కపెట్టేది వేరు. 2021లో అమెరికాది మూడు రోజుల లెక్క. ఆగస్టు 10న ఏ వేళ విమానమైనా 7న ఏ వేళ ఇచ్చిన శాంపిల్ అయినా చెల్లుతుంది, యాంటీజెన్ పరీక్ష అయినా సరే. ఆ డిసెంబర్ 6 నుంచి దాన్ని ఒక్క రోజుకు కుదించారు. ఆగస్టులో తలుపు తెరిచాక యూఏఈది గంటల లెక్క. శాంపిల్ ఇచ్చిన క్షణం నుంచి 48 గంటలు, ఆర్టీపీసీఆరే కావాలి, రిపోర్టు మీద క్యూఆర్ కోడ్ ఉండాలి. దానిపైన విమానాశ్రయంలో బయల్దేరే ముందు ర్యాపిడ్ పీసీఆర్.

నల్గొండ నుంచి లెక్క కట్టి చూడండి. శుక్రవారం రాత్రి 10 గంటలకు దుబాయ్ విమానం. శాంపిల్ బుధవారం రాత్రి 10 దాటాక ఇచ్చిందై ఉండాలి, అంటే గురువారం పొద్దున. కలెక్షన్ సెంటర్ దాన్ని మధ్యాహ్నం దాకా పోగుచేసి హైదరాబాద్ పంపుతుంది. పరీక్షకు నాలుగైదు గంటలు పడుతుంది, అయితే 96 గుంటల ప్లేటు నిండేదాకా యంత్రం ఎక్కించరు. రిపోర్టు శుక్రవారం పొద్దున రావచ్చు, మధ్యాహ్నమూ కావచ్చు. ర్యాపిడ్ పరీక్ష క్యూ కోసం సాయంత్రం నాలుగింటికల్లా శంషాబాద్‌లో ఉండాలంటే నల్గొండలో ఒంటిగంటకు బండి కదలాలి. రెండింటికి వచ్చే రిపోర్టు దారిలో ఫోన్‌లో చూసుకోవాల్సిందే, అందులో పేరు తప్పు పడితే దిద్దించే సమయం లేదు. అందుకే తెలిసినవాళ్లు ఒకరోజు ముందే నగరానికి వెళ్లి చుట్టాలింట్లో ఉండి, పాస్‌పోర్టు ఎదురుగా పెట్టి ల్యాబులో పేరు కొట్టించేవారు. ఊరి పీహెచ్‌సీలో చేసిన యాంటీజెన్ చీటీ పట్టుకుని దుబాయ్ విమానానికి వెళ్లినవాళ్లు మాత్రం వెనక్కి వచ్చారు. పాలమూరు వాళ్లకు విమానాశ్రయం బెంగళూరు రోడ్డు మీదే కాబట్టి దారిలో కొంత సమయం కలిసొచ్చేది, అంతే.

జబ్బు తగ్గి నెల దాటినా ఆర్టీపీసీఆర్‌లో పాజిటివ్ రావడం ఇంకో దెబ్బ. ముక్కులో మిగిలిన చచ్చిన వైరస్ ముక్కలనే పరీక్ష పట్టుకుంటుంది. అమెరికా ఇందుకు దారి ఇచ్చింది, 90 రోజుల్లోపు పాజిటివ్ రిపోర్టు, కోలుకున్నట్టు డాక్టర్ లెటర్ ఉంటే చాలు. గల్ఫ్‌లో అలాంటి మినహాయింపు లేక చాలామంది టికెట్లు వదులుకున్నారు. కెనడా అయితే సెప్టెంబర్ 27న నేరు విమానాలు తెరుస్తూ ఢిల్లీ విమానాశ్రయంలోని ల్యాబులో 18 గంటల్లోపు చేసిన పరీక్షే కావాలంది. అంతకుముందు వెళ్లాల్సినవాళ్లు మూడో దేశం చుట్టి పోయారు.

ఇవన్నీ ఒక్కొక్కటిగా పోయాయి. అమెరికా పరీక్షను 2022 జూన్ 12న, టీకా నిబంధనను 2023 మేలో తీసేసింది. ఇండియాకు తిరిగొచ్చేవాళ్లు నింపాల్సిన ఎయిర్ సువిధ అనే ఆన్‌లైన్ ఫారం 2022 నవంబర్‌లో ఆగింది, చైనాలో కేసులు పెరిగాక కొన్ని దేశాలవాళ్లకు 2023 జనవరిలో కొన్నాళ్లు మళ్లీ వచ్చింది. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలకు 2024లో చేసిన సవరణలు 2025 సెప్టెంబర్ 19 నుంచి అమల్లోకి వచ్చాయి. ‘పాండెమిక్ ఎమర్జెన్సీ’ అనే కొత్త హెచ్చరిక స్థాయి అందులో ఉంది.

ఇంటిపేరు గొడవ మాత్రం అక్కడే ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత, అంతా ఒకే వరుసలో. పాస్‌పోర్టు ఫారంలో రెండు గడులు. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో ఇప్పుడు పోస్టాఫీసుల్లోనే పాస్‌పోర్టు పని అవుతోంది. అక్కడ ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు ఒకే గడిలో రాసినవాళ్లకు అమెరికా వీసా మీద మొత్తం పేరే ఇంటిపేరై కూర్చుంటుంది, పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ, అంటే పేరు తెలియదు అని పడుతుంది. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమని యూఏఈ 2022 నవంబర్‌లోనే చెప్పింది. పిల్లలకు కొత్తగా పాస్‌పోర్టు పెట్టేవాళ్లు రెండు గడులూ నింపి, ఆధార్‌లో ఉన్న ‘బి.’ని ముందే పూర్తి ఇంటిపేరుగా మార్పించుకోవాలి. ఆధార్‌లో పేరు మార్పు రెండుసార్లకు మించి చేయరు.