షుగర్ వచ్చిందని హెచ్ఐవీ మాత్ర మానేయవచ్చా? అపోహలు - వాస్తవాలు

గుంటూరు మిర్చి యార్డు పరిసరాల్లో తొడిమలు తీసే కూలికి వెళ్లే ఒకావిడ గత నెలలో తన మందు డబ్బాను నా బల్ల మీద బోర్లించారు. ముప్పై మాత్రల్లో ఇరవై రెండు అలాగే ఉన్నాయి. "ఈ మందు నాకు పడలేదండీ, షుగరు తెచ్చిపెట్టింది, అందుకే మానేశాను" అన్నారు. ఇరుగుపొరుగుకు ఆమె జబ్బు సంగతే తెలియదు. ఆ సలహా ఫోనులో చూసిన ఒక వీడియోలోది. ఈ మాట వినకుండా నాకు ఒక్క వారమూ గడవదు.

అపోహ: మందు వల్లే షుగరు, కొవ్వు పెరుగుతాయి కనుక మందు ఆపితే గుండె పదిలంగా ఉంటుంది.

వాస్తవం: ఇది తలకిందుల లెక్క. మందు ఆపిన కొద్ది వారాల్లోనే వైరస్ రక్తంలో మళ్లీ పెరుగుతుంది, దానివల్ల ఒంట్లో పుట్టే వాపు రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. దుష్ప్రభావాలు తగ్గుతాయేమోనన్న ఆశతోనే స్మార్ట్ అనే అంతర్జాతీయ పరిశోధనలో ఐదు వేలకు పైగా రోగులను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి మందు ఎడతెగకుండా ఇచ్చి, రెండో వర్గానికి సీడీ4 కౌంటు (రోగనిరోధక శక్తిని తెలిపే రక్తకణాల లెక్క) బాగున్నంత కాలం ఆపి చూశారు. ఆపినవారిలోనే మరణాలూ, గుండె, మూత్రపిండాల, కాలేయ జబ్బులూ ఎక్కువగా కనిపించడంతో 2006లో ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు. వీడియోలు చేసేవారు ఈ సంగతి చెప్పరు.

భయపడేవారిని మాత్రం నేను తప్పుపట్టను. 2004లో ప్రభుత్వం ఉచితంగా మందులు ఇవ్వడం మొదలుపెట్టిన తొలి సంవత్సరాల్లో స్టావుడిన్ అనే హెచ్ఐవీ మందు వాడినవారికి బుగ్గలు లోపలికి పోయి, చేతుల మీద నరాలు తేలి, ముఖం చూడగానే ఊరివారు జబ్బు పసిగట్టే పరిస్థితి ఉండేది. ఒకాయన పెళ్లి ఫోటోకు నిలబడవలసి వస్తే రెండు దవడల్లోనూ వక్కపలుకులు పెట్టుకునేవారు. ఆ మందును క్రమంగా మానిపించాలని 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, ఇప్పుడు హెచ్ఐవీ మందులిచ్చే మన ఏఆర్‌టీ కేంద్రాల్లో అది లేదు. మందు పోయినా భయం మిగిలింది.

ఇప్పుడు ఇస్తున్న, మూడు మందులు కలిసిన టీఎల్‌డీ మాత్రలోని డోలుటెగ్రావిర్‌తో బరువు పెరగడం నిజమే, ఆడవారిలో అది ఇంకా ఎక్కువ. అయితే జబ్బుతో చిక్కిపోయినవారు కోలుకుని ఒళ్లు చేయడం కూడా అందులో కొంత ఉంటుంది. కొందరికి షుగరు పెరగడమూ నిజమే. దానికి చేయవలసింది పరగడుపున పరీక్ష చేయించుకుని షుగరుకు వైద్యం తీసుకోవడం, అవసరమైతే మందు మార్పు గురించి మమ్మల్ని అడగడం. ఇక్కడొక మెలిక ఉంది: డోలుటెగ్రావిర్ రక్తంలో మెట్‌ఫార్మిన్ అనే షుగరు మందు స్థాయిని పెంచుతుంది కనుక రోజుకు మెట్‌ఫార్మిన్ 1000 మిల్లీగ్రాములు దాటకూడదు. మా కూలి ఆవిడ కొత్తపేటలో షుగరు డాక్టరు దగ్గర హెచ్ఐవీ మాత్ర సంగతి దాచారు. తెలియని ఆ డాక్టరు 2000 రాశారు, ఈవిడకు విరేచనాలు పట్టుకున్నాయి, నింద మాత్రం మళ్లీ మా మాత్ర మీదే పడింది. 2017 నాటి హెచ్ఐవీ చట్టం ప్రకారం, అందులో చెప్పిన కొన్ని మినహాయింపులు తప్ప, మీ అనుమతి లేకుండా ఏ డాక్టరూ ఆ సంగతి బయటపెట్టకూడదు, కనుక దయచేసి చెప్పండి.

మిగిలినవి క్లుప్తంగా. కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ మొదట కాస్త పెరిగి ఆగితే కిడ్నీ పాడైనట్లు కాదు, పెరుగుతూనే పోతే చూపించాలి. లోపినావిర్, రిటోనావిర్ అనే హెచ్ఐవీ మందులు వాడేవారు కొవ్వు తగ్గించే సిమ్వాస్టాటిన్ వేసుకోకూడదు. దానికి వేరే మాత్రలున్నాయి. ఐరన్, కాల్షియం మాత్రలను పరగడుపున టీఎల్‌డీతో కలిపి మింగవద్దు.

అడగగా అడగగా తేలిందేమిటంటే, ఆవిడ తల్లికీ అన్నకూ షుగరు ఉంది, పనిలో రోజుకు ఆరు టీలు తాగుతారు. టీఎల్‌డీ మళ్లీ మొదలుపెట్టి, మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలకు కుదించాము. ఈ సోమవారం ఆవిడ మళ్లీ డబ్బా బోర్లించారు. రెండు మాత్రలు మిగిలాయి. రావలసిన తేదీకి రెండు రోజుల ముందే వచ్చారు మరి.