పెట్రోమాక్స్ మాంటిల్‌లోని మొండి బూడిద

కరెంటు లేని రోజుల్లో పెళ్లి ఊరేగింపైనా, తిరునాళ్లయినా పెట్రోమాక్స్ లైట్లే దిక్కు. మంట చుట్టూ ఉండే గుడ్డ జాలీయే మాంటిల్. కొత్త మాంటిల్ కట్టి వెలిగిస్తే ముందు దాని గుడ్డ కాలిపోయి, తెల్లటి బూడిద జాలీ మిగిలేది. వేలు తగిలితే చాలు, పొడిపొడి అయ్యేది. అదే జాలీ కిరసనాయిలు మంటలో మాత్రం రాత్రంతా చెక్కుచెదరకుండా వెలిగేది. ఆ బూడిదలో దాదాపు అంతా థోరియం డయాక్సైడ్. థోరియా అని కూడా అంటారు.

థోరియం పరమాణువు తన బయటి నాలుగు ఎలక్ట్రాన్లనూ ఆక్సిజన్‌కు అప్పగించేస్తుంది. ఇవ్వడానికి ఇంకేమీ మిగలదు కాబట్టి ఎంత కాల్చినా అది ఇక కాలదు. ఆ బంధమూ గట్టిదే. ఇనుము 1,538 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతే, థోరియా కరగడానికి సుమారు 3,300 డిగ్రీలు కావాలి.

ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ 1891 నాటికి సరైన పాళ్లు కనిపెట్టాడు: 99 పాళ్లు థోరియా, ఒక పాలు సీరియం అనే మరో లోహపు ఆక్సైడ్. ఒట్టి థోరియా పెద్దగా వెలగదు. కానీ వేడిని కంటికి కనిపించని కిరణాలుగా వృథా చేయదు. అలా నిలిచిన వేడిని ఆ కాస్త సీరియం తెల్లని వెలుగుగా మారుస్తుంది. ఎంత అందమైన పొత్తు!

థోరియం రేడియోధార్మిక లోహం. అయినా 1930ల నుంచి దశాబ్దాలపాటు, ఎక్స్‌రేలో రక్తనాళాలు స్పష్టంగా కనిపించాలని, ‘థోరోట్రాస్ట్’ పేరుతో థోరియాను మనుషుల రక్తంలోకి ఎక్కించారు. శరీరంలో కరగని పదార్థం బయటికెలా పోతుంది? కాలేయంలో, ప్లీహంలో పేరుకుపోయి ఏళ్ల తరబడి కణజాలాన్ని దెబ్బతీసే ఆల్ఫా రేడియేషన్ కణాలు వదిలింది. ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత చాలామందికి కాలేయ క్యాన్సర్ వచ్చింది. ఇది తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఇప్పుడు చాలా మాంటిళ్లలో థోరియం బదులు రేడియోధార్మికత లేని యిట్రియం వాడుతున్నారు.

మన భీమునిపట్నం, కళింగపట్నం తీరాల ఇసుకలో దొరికే మోనజైట్ ఖనిజంలో థోరియం ఉంది. థోరియం నేరుగా అణు ఇంధనం కాదు. రియాక్టర్‌లో న్యూట్రాన్‌ను మింగి, కొన్ని వారాల్లో యురేనియం-233గా మారుతుంది. అదే అసలు ఇంధనం. కల్పాక్కంలోని చిన్న రియాక్టర్ ‘కామిని’ దానితోనే నడుస్తుంది. థోరియంను రియాక్టర్‌లో థోరియా బిళ్లలుగా పెడతారు; ఆ వేడికి కరగకపోవడం వాటికి పెద్ద బలం. అయితే వాటిలోంచి యురేనియం తీయాలంటే బిళ్లను ఆమ్లంలో కరిగించాల్సిందే. ఒట్టి నైట్రిక్ ఆమ్లానికి అది లొంగదు, కాస్త హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కలపాలి. ఆ ఆమ్లమేమో స్టీలు పాత్రల్ని కూడా తినేస్తుంది. దాని జోరు తగ్గించడానికి మళ్లీ అల్యూమినియం నైట్రేట్ కలుపుతారు.