బలపం తినే పిల్ల, పాఠం ఎక్కని పిల్ల

గాజువాక నుంచి ఒక అమ్మమ్మగారు అడిగారు: "మా మనవరాలు మూడో క్లాసు. బలపాలు కొన్నవి కొన్నట్టే నమిలేస్తోంది. తిట్టాం, కొట్టాం, తాయెత్తు కట్టించాం. కాల్షియం తక్కువైతే ఇలా తింటారంటున్నారు, నిజమేనా అండీ? చదువులో కూడా బాగా వెనకబడింది."

చదువు సంగతి ఆవిడ మాటల్లో చివర్న, ఏదో గుర్తొచ్చి కలిపినట్టుగా ఉంది. నన్ను పట్టుకున్నది అదే.

తిండి కానిదాన్ని తినాలనిపించే యావని వైద్యులు పైకా అంటారు. మట్టి, సుద్ద, బలపం, పచ్చి బియ్యం, ఐసు ముక్కలు, ఎవరి రుచి వాళ్ళది. ఇలాంటి పిల్లలు కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది కాల్షియాన్ని కాదు, ఇనుము లోపాన్ని. పోనీ బలపంలో ఇనుముందా అంటే, ఒంటికి పట్టేది దాదాపు లేదు. పైగా మట్టి, సుద్ద లాంటివి తిండిలో ఉన్న కాస్త ఇనుము కూడా పేగుల్లో పట్టకుండా అడ్డుపడతాయి. దెబ్బలకీ తాయెత్తుకీ లొంగని ఈ అలవాటు, ఇనుము మందు పడ్డాక చాలామందిలో కొద్ది వారాల్లోనే మాయమవుతుంది. కాబట్టి అమ్మమ్మగారూ, పిల్లని డాక్టరుకి చూపించి హీమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి. ఫెరిటిన్ ఎందుకన్నానో చెప్పాలంటే కాస్త దూరం వెళ్ళాలి.

పేద దేశాల్లో చదువుకి అడ్డాలేమిటని అడిగితే మనందరికీ ఒక జాబితా కంఠతా వచ్చు. బడి దూరం, ఫీజులు, పొలం పనులు, ఆడపిల్లని మధ్యలో మాన్పించడం, టీచర్లు రాకపోవడం. అన్నీ నిజాలే. 2003లో మన దేశంలో ప్రాథమిక పాఠశాలలకి చెప్పకుండా వెళ్ళి చూస్తే, నలుగురు టీచర్లలో ఒకరు బడిలో లేరు. వీటి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను వదిలేస్తున్నాను. టీచరు వచ్చారు, పిల్లా వచ్చింది, బెంచీ మీద కూర్చుంది. అయినా పాఠం ఎక్కడం లేదు. ఇది నాకు ఎక్కువ ఆసక్తి.

ఇనుము గురించి విశాఖవాళ్ళకి చెప్పడం తేలిక. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల నుంచి ఖనిజం గూడ్సు బండ్లలో కొత్తవలస–కిరండూల్ లైను మీద, అరకు గుండా దిగి మనూరు వస్తుంది. 1960ల్లో జపాన్ సహకారంతో ఆ లైను వేసింది దీనికోసమే. కొంత పోర్టు యార్డులో గుట్టలుగా పడి ఓడ ఎక్కుతుంది, కొంత ఉక్కు ఫ్యాక్టరీలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్న బ్లాస్ట్ ఫర్నేసులకి, అంటే ఖనిజాన్ని కరిగించే పెద్ద కొలిములకి, వెళుతుంది. మన ఒంట్లోనూ దాదాపు ఇదే ఏర్పాటు. రక్తంలో ఇనుముని మోసే వ్యాగను పేరు ట్రాన్స్‌ఫెరిన్. ఒక్కో వ్యాగన్‌లో పట్టేది రెండే అణువులు. మామూలు రోజుల్లో సుమారు మూడో వంతు వ్యాగన్లే లోడుతో తిరుగుతుంటాయి. యార్డు పేరు ఫెరిటిన్. ఆ ప్రోటీన్ బంతి ఒక్కోదానిలో 4,500 అణువుల దాకా నిలవ చేసుకోవచ్చు. ఫర్నేసు ఎముక మజ్జ. ఎర్ర రక్తకణాలు తయారయ్యేది అక్కడే.

ఈ ఫర్నేసుకి రోజుకి 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. తిండి నుంచి పెద్దవాళ్ళకి పట్టేది ఒకటి, రెండు మిల్లీగ్రాములే. మిగతాదంతా స్క్రాప్. ఎర్ర రక్తకణం బతికేది సుమారు 120 రోజులు. పాతబడ్డ కణాలని ప్లీహంలోనూ కాలేయంలోనూ విడగొట్టి, అందులోని ఇనుముని మళ్ళీ వ్యాగన్లకి ఎక్కిస్తారు. సొంత గనులు లేవని మన ఫ్యాక్టరీ గురించి ఊరంతా బాధపడుతుంది, కానీ ఒంటికి కూడా సొంత గని లేదు, పాత ఇనుముతోనే నెట్టుకొస్తుంది. పెద్దవాళ్ళకి అలా సరిపోతుంది. ఎదిగే పిల్లకి సరిపోదు. ఏటేటా ఒళ్ళు పెరగాలి, రక్తం పరిమాణం పెరగాలి, కండ పెరగాలి. అంటే ఫర్నేసు ఏడాదికేడాదికీ పెద్దదవుతోంది, స్క్రాప్ మాత్రం నిరుటి లెక్కే. ఆడపిల్ల పెద్దమనిషయ్యాక నెలనెలా బయటికి పోయేది కూడా ఈ లెక్కలో కలుస్తుంది.

సరుకు తగ్గినప్పుడు ఉన్న వ్యాగన్లన్నీ ఎటు పంపాలి? ఒళ్ళు ఏ మొహమాటమూ లేకుండా ఫర్నేసుకే పంపుతుంది. ఊపిరికి సంబంధించిన వ్యవహారం కదా. లైను చివర ఉన్న చిన్న చిన్న వర్క్‌షాపులకి లోడు ఆగిపోతుంది. ఆ వర్క్‌షాపుల్లో మెదడు ఒకటి. మైఖేల్ జార్జియెఫ్ లాంటి పరిశోధకులు ఏళ్ళ తరబడి చూపిస్తూ వచ్చింది ఇదే: రక్తహీనత పరీక్షలో బయటపడే ముందే మెదడులో ఇనుము తగ్గిపోతుంది. మనం బడిలో వేలు గుచ్చి చూసేది ఫర్నేసు ఉత్పత్తిని. 5 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి హీమోగ్లోబిన్ 11.5 గ్రాములు దాటితే 'నార్మల్' అని రాసేస్తాం. యార్డు ఖాళీ అయిందా లేదా అన్నది ఫెరిటిన్ చూస్తేనే తెలుస్తుంది. లీటరుకి 15 మైక్రోగ్రాముల కంటే తక్కువుంటే యార్డులో చీపురు పెట్టి ఊడ్చినట్టే.

మెదడు వర్క్‌షాపులో ఇనుముతో పనేమిటి? మెదడులో సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనం తయారీలో మొదటి మెట్టు దాటించే టైరోసిన్ హైడ్రాక్సిలేస్ అనే ఎంజైము ఇనుము లేకపోతే పనిచెయ్యదు. ఏకాగ్రత, ఉత్సాహం, 'ఇంకొక్క లెక్క చేద్దాం' అనిపించడం, అన్నింటిలోనూ డోపమైన్ చెయ్యి ఉంది. నరాల చుట్టూ మైలిన్ పొరని చుట్టే కణాలు మెదడులో ఇనుముని ఎక్కువగా వాడుకునే కణాల్లోకి వస్తాయి. పొర పలచబడితే నాడీ సంకేతం నడక మందగిస్తుంది. చిలీలో రక్తహీనత ఉన్న ఆరు నెలల పిల్లలకి శబ్దం వినిపించి, ఆ సంకేతం మెదడు కాండం గుండా వెళ్ళడానికి పట్టే సమయం కొలిచారు. మిగతా పిల్లల కంటే ఎక్కువ పట్టింది. మందు ఇచ్చి, నాలుగేళ్ళ వయసులో మళ్ళీ కొలిచినా తేడా పూర్తిగా పోలేదు. త-థ-ద-ధ తేడాలు చెవితో పట్టుకోవాల్సిన తెలుగు పిల్లలకి ఇది చిన్న సంగతి కాదు. శక్తి ఖర్చు సంగతి కూడా ఉంది. అయిదేళ్ళ పిల్ల విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒళ్ళు వాడే శక్తిలో సగానికి పైగా మెదడే తీసుకుంటుంది, ఆ శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకీ ఇనుమే కావాలి.

కోస్టారికాలో బెట్సీ లోజోఫ్ బృందం పసితనంలో తీవ్రంగా ఇనుము లోపించిన పిల్లల్ని పందొమ్మిదేళ్ళ వయసు దాకా గమనించింది. చిన్నప్పుడే మందు ఇచ్చి రక్తం సరిచేసినా తెలివితేటల పరీక్షల్లో వెనకబాటు మిగిలిపోయింది. పేద కుటుంబాల్లో ఆ దూరం వయసుతో పాటు పెరిగింది కూడా. బడి వయసులో మందు దండగ అని కాదు. రక్తహీనత ఉన్న బడి పిల్లలకి ఇనుము ఇస్తే ధ్యాస మెరుగుపడుతుందని చాలా ప్రయోగాలు చెబుతున్నాయి. కాకపోతే అంగన్‌వాడీ వయసుకి ముందే అందినంత లాభం తర్వాత ఉండదు.

మనం పదో తరగతిలో 'హీమోగ్లోబిన్‌లో ఉండే లోహం ఏది?' అని ఒక మార్కు బిట్టు ఇస్తాం. చివరి బెంచీలో కునికిపాట్లు పడే పిల్లని చూసి 'మొద్దు' అంటాం. ఈ రెండింటినీ కలిపే వాక్యం నేను ఏ పాఠంలోనూ చూడలేదు.

సరే, ఇనుము మాత్ర వేస్తే సరిపోదా? సగం కథ అక్కడే ఉంది. యార్డు గేటు దగ్గర ఒక సిగ్నల్ ఉంటుంది, హెప్సిడిన్. కాలేయం తయారుచేసే ఈ హార్మోను పెరిగితే గేట్లు మూసుకుంటాయి: పేగు నుంచి ఇనుము లోపలికి రాదు, లోపల నిలవ ఉన్నది బయటికి కదలదు. జ్వరం, విరేచనాలు, ఏ ఇన్‌ఫెక్షన్ వచ్చినా హెప్సిడిన్ పెరుగుతుంది. బాక్టీరియాకి కూడా ఇనుము కావాలి కాబట్టి శత్రువుకి సరుకు అందకుండా ఒళ్ళు చేసే ఏర్పాటు అది. చెడ్డ నీళ్ళు తాగి నెలకోసారి పడకేసే పిల్లకి మాత్రలు మింగించడమంటే, ఎర్ర సిగ్నల్ ముందు బండ్లు నిలబెట్టడమే. మలేరియా ప్రాంతాల్లో ఇంకో జాగ్రత్త. జాంజిబార్ దగ్గరి పెంబా దీవిలో చిన్న పిల్లలకి రోజూ ఇనుము ఇచ్చి చూస్తే జబ్బులు ఎక్కువై ప్రయోగం మధ్యలో ఆపారు, ఆ ఫలితం 2006లో అచ్చయింది. పాడేరు, అరకు ఏజెన్సీలో ఇది గుర్తుంచుకోవాలి. దోమతెర కూడా అక్కడ చదువు సామానే. ఏజెన్సీలో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్‌సెల్ జబ్బు కూడా ఉంది. అందులో రక్తం తగ్గేది కణాలు త్వరగా చితికిపోవడం వల్ల. దాన్ని ఇనుము నయం చెయ్యదు, కాబట్టి పరీక్ష తప్పదు.

తిండి విషయంలో మన నమ్మకాలు సరదాగా ఉంటాయి. బీట్‌రూట్ ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందట. వంద గ్రాముల్లో ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు! రాగుల్లో సుమారు నాలుగు మిల్లీగ్రాములుంది, కానీ ఆ గింజలోనే ఉండే ఫైటేట్లనే పదార్థాలు చాలామటుకు పట్టనివ్వవు. పక్కన నిమ్మకాయో ఉసిరికాయో ఉంటే కొంత నయం. వెంటనే టీ తాగితే ఆ నయం కూడా పోతుంది. రేషన్ బియ్యంలో వందకి ఒకటి చొప్పున కలిపిన పోషక గింజలు నీళ్ళలో తేలాయని 'ప్లాస్టిక్ బియ్యం' అంటూ ఏరి పారేసిన ఇళ్ళు మన చుట్టూ చాలా ఉన్నాయి. ఆ పారేసిన వాటిలోనే ఇనుము ఉంది. బడిలో వారానికోసారి ఇచ్చే మాత్ర, చిన్నవాళ్ళకి గులాబీ రంగు, పదేళ్ళు దాటినవాళ్ళకి నీలం. అది వేసుకున్నాక విరేచనం నల్లగా అవుతుందని ముందే చెప్పకపోతే తల్లులు హడలిపోయి మాన్పిస్తారు.

లీకేజీ సంగతి కూడా చెప్పాలి. స్వీట్లు తింటే కడుపులో పురుగులు పడతాయన్నది అబద్ధం. కొంకి పురుగుల పిల్లలు తేమ మట్టిలోంచి, చెప్పుల్లేని పాదాల గుండా లోపలికి వస్తాయి. పేగుకి అంటుకుని రోజూ రక్తం తాగుతాయి. మన దగ్గర ఫిబ్రవరి 10న బడుల్లో నులిపురుగుల మాత్ర ఇచ్చేది అందుకే. కెన్యాలోని బుసియాలో 75 బడుల మీద ఆర్థికవేత్తలు ఎడ్వర్డ్ మిగెల్, మైకేల్ క్రెమర్ చేసిన ప్రయోగంలో, పురుగుల మందు ఇచ్చిన బడుల్లో గైర్హాజరు నాలుగో వంతు తగ్గింది. మందు వేసుకోని పిల్లలకీ లాభం కనిపించింది, మట్టిలో గుడ్లు తగ్గాయి కదా. ఈ లెక్కల మీద 2015లో పండితుల మధ్య పెద్ద రగడే జరిగింది. ఎవరూ కాదనని సంగతి ఒకటుంది: హాజరు పెరిగినా పరీక్ష మార్కులు పెరగలేదు.

నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఒంట్లో బాగైన పిల్ల తిరిగొచ్చేసరికి క్లాసు గుణింతాలు దాటి పేరాగ్రాఫుల్లోకి వెళ్ళిపోయి ఉంటుంది. పిల్లలు ఎంత చదవగలరో ఇంటింటికీ వెళ్ళి చూసే అసర్ సర్వేలో, 2022లో, పల్లెల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 42.8 శాతమే. ప్రథమ్ సంస్థ చేసినట్టు రోజూ కొంతసేపు తరగతుల గోడలు పక్కనబెట్టి, ఎవరు ఎంత చదవగలరో దాన్నిబట్టి పిల్లల్ని కూర్చోబెట్టి నేర్పిస్తే చదువు కదులుతుందని మన దేశంలో చేసిన ప్రయోగాలే చూపించాయి. హాజరు పట్టీలో ప్రతి పేరు పక్కన రెండు గళ్ళు అదనంగా గీయవచ్చు. ఒకదాంట్లో పిల్ల చదవగలిగే స్థాయి: అక్షరమా, పదమా, వాక్యమా. రెండోదాంట్లో హీమోగ్లోబిన్, వీలైతే ఫెరిటిన్ కూడా. రెండో గడిలో అంకె తక్కువున్న పిల్లని ముందు డాక్టరు దగ్గరికి పంపాలి, రెండో గడి బాగుండి మొదటి గడిలో ఇంకా 'అక్షరం' అనే ఉన్న పిల్లకి మళ్ళీ 'అ' దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.