నోరు కట్టుకుంటే తగ్గుతుందా? తిండి వ్యసనం, బింజ్ ఈటింగ్: అపోహలు - వాస్తవాలు

సంక్రాంతికి నాలుగు సకినాలు ఎక్కువ తినడం జబ్బు కాదు. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలు కడుపారా తిన్నా కాదు. ఆపుదామనుకున్నా చెయ్యి ఆగకపోవడం, ఆకలి లేకున్నా కడుపు నొచ్చేదాకా తినడం, ఖాళీ ప్యాకెట్లు ఎవరికంటా పడకుండా దాచడం... ఇవి వారం వారం జరుగుతుంటే పట్టించుకోవాలి. "ఎంత అనుకున్నా నోరు ఆగుతలేదు సార్" అనే మాట వెనుక ఏముందో తెలియకుండా సలహా ఇస్తే మేలు కంటే కీడే ఎక్కువ.

అపోహ: తిండి వ్యసనమన్నా, బింజ్ ఈటింగ్ అన్నా ఒకటే.

కాదు. బింజ్ ఈటింగ్ డిజార్డర్ గుర్తింపు ఉన్న జబ్బు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తన మానసిక జబ్బుల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5లో దాన్ని విడిగా చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లోనూ ఉంది. డీఎస్ఎం లెక్క ప్రకారం రెండు గంటల్లోపు మామూలు మనిషి తినేదానికంటే బాగా ఎక్కువ తినాలి, తింటున్నంతసేపూ అదుపు తప్పిన భావన ఉండాలి. సగటున వారానికి ఒక్కసారైనా, మూడు నెలల పాటు అలా జరగాలి. తిన్నది కక్కేయడం, విరేచనాల మాత్రలు వేసుకోవడం వంటివి పదేపదే చేస్తుంటే అది వేరే జబ్బు, బులీమియా.

తిండి వ్యసనం ఈ రెండు పుస్తకాల్లోనూ జబ్బుగా లేదు. దాన్ని కొలిచేందుకు యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ఒక ప్రశ్నావళి తయారుచేసి, 2016లో సవరించారు. ఇప్పుడు అందులో 35 ప్రశ్నలున్నాయి. మద్యం, పొగాకు వ్యసనాలకు వాడే లక్షణాలనే తిండి విషయంలో అడుగుతారు.

అదుపు తప్పడం, తహతహ, నష్టం తెలిసీ మానలేకపోవడం రెండింటిలోనూ ఉంటాయి. ఊబకాయంతో పాటు బింజ్ ఉన్నవారిపై అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో సగం కంటే కాస్త ఎక్కువ మంది ఈ ప్రశ్నావళి ప్రకారం వ్యసనం ఉన్నవారిగానూ తేలారు. అంటే మిగతావారికి ఆ ప్రశ్నావళి లెక్కలో వ్యసనం లేకుండానే బింజ్ ఉంది. తిరగేసి చూసినా అంతే: పొద్దంతా కొంచెం కొంచెంగా బిస్కెట్లు, మిక్చర్ నములుతూ మానలేక బాధపడే మనిషికి ఒక్క బింజ్ కూడా ఉండకపోవచ్చు.

అపోహ: అడిక్షన్ కాబట్టి, ఆ వస్తువు పూర్తిగా బంద్ పెడితే సరి.

ఎక్కువ నష్టం చేసేది ఈ సలహానే. రాత్రి బింజ్ జరుగుతుంది. సిగ్గుతో పొద్దున టిఫిన్ మానేస్తారు, మధ్యాహ్నం రెండు ముద్దలతో సరిపెడతారు. సాయంత్రం ఆరేడు గంటలకు ఆకలి, అలసట, "తినొద్దు" అన్న పట్టుదల మూడూ కలిసి కట్ట తెగుతుంది. దాన్ని "వ్యసనం" అనుకుని మర్నాడు ఇంకా గట్టిగా నోరు కట్టుకుంటారు. ఒక్కపొద్దుల పేరుతో వారానికి రెండు మూడు రోజులు పస్తుండేవారిలోనూ ఈ చక్రమే తిరుగుతుంటుంది.

అందుకే చికిత్సలో మొదటి పని తగ్గించడం కాదు, వేళకు తినడం. మేల్కొని ఉన్నంతసేపు తిండికీ తిండికీ మధ్య నాలుగు గంటలు దాటకూడదు. ఉదాహరణకు:

7:30కు మూడు ఇడ్లీలు లేదా రెండు జొన్న రొట్టెలు, కూర. 11కు పండు లేదా మజ్జిగ. 1:30కి అన్నం, పప్పు, కూర, పెరుగు. 5 గంటలకు గుప్పెడు శనగ గుగ్గిళ్లు. 8:30కు రాత్రి భోజనం.

ఇందులో అందరూ ఎగ్గొట్టేది 5 గంటలదే, అసలు ఆసరా అయ్యేదీ అదే. సింగరేణి నైట్ షిఫ్ట్ చేసేవారైతే డ్యూటీకి పోయేముందు పూర్తి భోజనం చేసి, నడిరాత్రికి రొట్టె, కూర డబ్బా పెట్టుకోవాలి. పొద్దున పడుకునే ముందు తేలికగా తినాలి. బింజ్ జరిగినా తర్వాతి పూట తిండి వేళకు, మామూలు కొలతలోనే ఉండాలి. బరువు వారానికి ఒక్కసారే చూసుకోవాలి. చికిత్స మొదటి రెండు మూడు నెలలు ఒక్కపొద్దులు ఆపడం మంచిది. తప్పదనుకుంటే పాలు, పండ్లు, పలహారం మూడు గంటలకోసారి తీసుకోవాలి.

మరి ఆగని వస్తువుల సంగతి? వేళలు కుదిరే మొదటి మూడు నాలుగు వారాలు వాటి పెద్ద ప్యాకెట్లు ఇంట్లో నిల్వ పెట్టవద్దు. తర్వాత భోజనమయ్యాక, నలుగురితో కూర్చుని, కొలతగా మళ్లీ మొదలుపెట్టాలి: రెండు సకినాలో, ఒక గరిజెనో ప్లేట్లో పెట్టుకుని డబ్బా మూతపెట్టేయాలి. కొందరికి కడుపు నిండి ఉన్నా ఒకటి రెండు వస్తువుల దగ్గరే అదుపు తప్పుతుంది. వారు వాటికి ఇంకొన్ని నెలలు దూరంగా ఉండటం తప్పు కాదన్నది మా అభిప్రాయం. నిషేధాల జాబితా మాత్రం పెరగకూడదు.

మీరు ఏ కోవలో ఉన్నారో రెండు వారాల డైరీ చెబుతుంది. వేళ, ఏం తిన్నారు, ఎక్కడ, ఆకలి సున్నా నుంచి పదిలో ఎంత, ముందు ఏం జరిగిందో రాయండి. అదుపు తప్పిన చోట చుక్క పెట్టండి. చుక్కలు ఐదారు గంటల పస్తు తర్వాత పడితే మూలం పస్తులోనే ఉంది. తగాదా, ఒంటరితనం తర్వాత పడితే పని మనసు మీద చేయాలి. నిండు భోజనం తర్వాత కూడా ఎప్పుడూ అదే వస్తువు మీద పడితే వ్యసన లక్షణం బలంగా ఉన్నట్టు. కేలరీల లెక్క రాయవద్దు, అది మళ్లీ కట్టడి వైపే లాగుతుంది.

అపోహ: అన్నానికే అడిక్ట్ అయ్యారు.

అధ్యయనాల్లో జనం ఆపుకోలేమని ఎక్కువగా చెప్పేవి పిండిపదార్థం లేదా చక్కెర, కొవ్వుతో కలిసినవి: చిప్స్, ఐస్‌క్రీమ్, కేకులు, చాక్లెట్. ఉత్త అన్నం ఆ వరుసలో చాలా కింద ఉంటుంది. ఇంకో సంగతి: పాత తాగుడు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. తిండి విషయంలో అలాంటి ప్రమాదకరమైన విత్‌డ్రాయల్ (మానేసినప్పుడు వచ్చే బాధలు) లేదు.

అపోహ: లావుగా ఉన్న ఆడవాళ్లకే వస్తుంది.

బరువు ఈ జబ్బు నిర్ధారణలో షరతే కాదు. మగవాళ్లకూ బాగానే వస్తుంది, వాళ్లు చెప్పుకోరంతే.

అపోహ: షుగర్ ఉన్నవారికి వణుకుతో వచ్చే ఆకలీ వ్యసనమే.

గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుని గానీ, ఇన్సులిన్ తీసుకుని గానీ తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది. చెమట, వణుకు, ఆగని ఆకలి వస్తాయి. అప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించుకుని, ఆపైన భోజనం చేయాలి. ఇది తరచుగా జరిగితే డాక్టరు మందు మోతాదు మార్చాలి. ఓలాంజపిన్, మిర్టాజపిన్ అనే మానసిక జబ్బుల మందులు, స్టెరాయిడ్లు కూడా ఆకలి పెంచుతాయి. వాటిని సొంతంగా ఆపకుండా రాసిన డాక్టరుతో మాట్లాడండి.

అపోహ: పట్టుదల లేకనే ఇదంతా, వైద్యం ఏముంటుంది?

ఉంది. సీబీటీ అనే మానసిక చికిత్స సాధారణంగా 16 నుంచి 20 సిట్టింగులు ఉంటుంది. లిస్‌డెక్సామ్ఫెటమిన్ అనే మందును పెద్దవారిలో మధ్యస్థ, తీవ్ర బింజ్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో ఆమోదించింది. అది బరువు తగ్గించే మందు కాదు. ఉత్తేజకం కాబట్టి గుండె జబ్బు, పాత మత్తు అలవాట్లు ఉన్నవారికి ప్రమాదం. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించుకోవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే వెళ్లాలి. తిన్నది పదేపదే కక్కుతున్నా, కళ్లు తిరిగి పడిపోతున్నా, గుండె దడగా ఉన్నా ఆగవద్దు: వాంతులతో రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. రక్తపరీక్ష, ఈసీజీ ముందు, తిండి సంగతి తర్వాత.