పేస్‌మేకర్‌కు మెట్లు తెలుస్తాయా?

"మా నాన్నగారికి పేస్‌మేకర్ పెట్టారు. అలిపిరి నుంచి నడిచి కొండెక్కొచ్చా?" అని తిరుపతి పాఠకురాలొకరు అడిగారు. గుండె కండరం, రక్తనాళాలు ఎలా ఉన్నాయో చూసి డాక్టరు చెప్పాల్సిన మాట అది. నన్ను పట్టుకున్నది వేరే ప్రశ్న: ఆయన మెట్లెక్కుతున్న సంగతి, చిన్న కరెంటు దెబ్బలతో గుండెను కొట్టించే ఆ యంత్రానికి ఎలా తెలుస్తుంది?

1958లో స్టాక్‌హోమ్‌లో ఆర్నే లార్సన్ ఒంట్లో అమర్చిన మొదటి పేస్‌మేకర్‌కు ఆ గొడవే లేదు. పడుకున్నా పరిగెత్తినా ఒకటే వేగం. అది కొన్ని గంటల్లోనే ఆగిపోయింది. లార్సన్ మాత్రం 20కి పైగా యంత్రాలు మార్చుకుంటూ 2001 దాకా బతికాడు. 1960ల్లో, గుండె తనంతట తాను కొట్టుకుంటే నోరు మూసుకుని ఊరుకునే రకాలొచ్చాయి. 1972లో లిథియం బ్యాటరీ వచ్చింది. దాని గురించి అందరూ రాశారు, వదిలేద్దాం.

అసలు మజా 1980ల్లో మొదలైంది. గుండె పైగదిలో ఉండి సహజంగా వేగం పెంచే సైనస్ నోడ్ బాగుండి, కింది గదులకు సంకేతం చేరకపోవడమే జబ్బయితే చిక్కు లేదు. రెండు తీగల పేస్‌మేకర్ పైగదిని గమనించి, కిందిగదిని దాని వెంటే నడిపిస్తుంది. నోడే మందగించిన వాళ్లకు మాత్రం శ్రమను కనిపెట్టే సెన్సర్ కావాలి. ఛాతీ చర్మం కింద ఉండే పేస్‌మేకర్ డబ్బా లోపల పీజో స్ఫటికం (నొక్కితే కరెంటు పుట్టించేది) అతికించారు. ఒళ్లు కదిలితే అది అదురుతుంది, అదురును బట్టి వేగం పెరుగుతుంది. గతుకుల రోడ్డు మీద బస్సులో కూర్చున్నా పెరిగేది! డబ్బా మీద బరువు వేసి పడుకున్నా అంతే. తర్వాత వచ్చిన యాక్సెలరోమీటర్లు, అంటే కదలిక వేగంలో మార్పును కొలిచే సెన్సర్లు, చాలావరకు నయం.

ఇప్పుడు మోకాళ్ల పర్వతం దగ్గరకు రండి. మోకాలి మీద చెయ్యి పెట్టి, ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతాం. ఆయాసం అక్కడే ఎక్కువ, ఒంటి ఊపు అక్కడే తక్కువ. యంత్రానికి ఈయన తీరిగ్గా ఉన్నట్టు తోస్తుంది. దిగేటప్పుడు అడుగులు దభీదభీమని పడతాయి, శ్రమ తక్కువైనా వేగం పెంచేస్తుంది. ఇది నా ఊహ కాదు. కదలికను మాత్రమే చూసే సెన్సర్లు ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే ఎక్కువ వేగం ఇస్తాయని డాక్టర్లు గమనించారు.

దానికి విరుగుడు ఊపిరి. తీగకూ డబ్బాకూ మధ్య అతి సన్నని కరెంటు పంపి, ఛాతీలో నిరోధం కొలుస్తారు. గాలి కరెంటును సరిగా పోనివ్వదు కాబట్టి, ఊపిరి పీలిస్తే నిరోధం పెరుగుతుంది. ఎంత లోతుగా, ఎంత త్వరగా అన్న రెండూ లెక్కకొస్తాయి. అయితే ఐసీయూలో వెంటిలేటర్ పెడితే దాన్నీ శ్రమే అనుకుంటుంది. అందుకే కొన్నింటిలో కదలికనూ ఊపిరినీ కలిపి చూస్తారు.

పేస్‌మేకర్ ఉంటే ప్రాణం త్వరగా పోదని మన వైపు కొందరంటుంటారు. అది నిజం కాదు, చచ్చిపోయిన కండరం కరెంటుకు పలకదు. దహనానికి ముందు దాన్ని తీయించడం మాత్రం మర్చిపోకూడదు, మంటల్లో బ్యాటరీ పేలుతుంది.

ఇప్పుడు తీగలే లేని రకాలు వచ్చాయి. వాటిలో ఒకదాని బరువు 2 గ్రాముల లోపే, తొడ దగ్గరి సిర గుండా పంపి నేరుగా కుడి కిందిగదిలో బిగిస్తారు. అక్కడ యాక్సెలరోమీటర్‌కు గుండె అదురూ నడక అదురూ కలిసే వినిపిస్తాయి. మొదట గుండె అదురును వడకట్టి పారేసేవారు. 2020లో అమెరికాలో అనుమతి పొందిన రకం ఆ పారేసినదాన్నే వాడుకుంటోంది. పైగది ముడుచుకున్నప్పుడు కిందిగదిలోకి తోసుకొచ్చే రక్తపు కుదుపును పట్టుకుని, ఆ వెంటనే కిందిగదిని కొట్టిస్తుంది.